జనవాడలో రెప్ప వేయని పెద్దయ్య

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ ఒకటే జవాబు చెబుతుంది: "ఊళ్లు పట్టుకు తిరిగి దీపాలార్పి వస్తుంది." ఆరుబయట దీపాలు ఎక్కడ పెట్టాలో, ఎటు తిప్పాలో, ఏ వేళకు తగ్గించాలో చెప్పడం నా వృత్తి. అమ్మ మాటలో అన్యాయం ఉంది కానీ అబద్ధం లేదు. వెలుతురు కావాలని పిలిచినవాళ్లకు సగం చీకటే అంటగట్టి వస్తుంటాను. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఆకాశంలోకీ, పక్కింటి పడకగదిలోకీ పోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కాకినాడలో మా వీధి చివరి స్వీట్ల కొట్టు బోర్డుతో నాకున్న తగాదా గురించి ఇక్కడ రాయను. అది ఇంకా తేలలేదు.

అలాంటి నాకు కార్తీక మాసంలో, లోకమంతా దీపాలు పెట్టుకునే రోజుల్లో, బీదర్ నుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి విశ్వనాథ్ సేటు. బీదర్ బజారులో కందులు, సోయా టోకున అమ్మే తెలుగు వ్యాపారి.

"మేడమ్, మా నాయిన పేరు మీద జనవాడ చౌరస్తల హైమాస్ట్ లైటు వెట్టిన. ఆయన ఇంక మంచిగ కనవడాలె. సంవత్సరీకం దగ్గరికొచ్చింది. జర వచ్చి చూడుండ్రి."

"నేను సాధారణంగా వెలుతురు తగ్గిస్తానండి" అన్నాను, ముందే చెప్పడం మర్యాద కదా అని.

"తగ్గించుండ్రి, పెంచుండ్రి, మీ ఇష్టం. నాయిన కనవడితే చాలు."

కనిపించాల్సింది దీపమా, తండ్రా అన్నది నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను బీదర్ ఎప్పుడూ చూడలేదు. సరేనని బయలుదేరాను.

మన్నాఏఖేళ్ళి

హైదరాబాదు దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మధ్యాహ్నం ఎండ నెత్తిన మండుతుండగా మన్నాఏఖేళ్ళిలో బస్సు ఆపి, తినేవాళ్లు తినండన్నాడు కండక్టరు. సంత నడుస్తోంది. ఉల్లిగడ్డల బస్తాల మధ్య నుంచి దారి చేసుకుని ఒక హోటల్లోకి వెళ్లాను. లోపల కప్పు నిండా, గోడల నిండా, చివరికి చేతులు కడిగే పంపు చుట్టూ కూడా రంగురంగుల సీరియల్ లైట్లు వెలిగి ఆరుతున్నాయి. నా పళ్లెంలో చట్నీ ఒకసారి ఎర్రగా, ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నీలంగా కనబడింది. నీలం చట్నీ తినడానికి ధైర్యం కావాలి. రంగు మారేదాకా ఆగి ఒక్కో ముద్ద తిన్నాను.

తిన్నది సుసలా. మరమరాలను మా కాకినాడలో ఉల్లిపాయలతో కలిపి పొట్లం కట్టి బీచ్‌లో అమ్ముతారు. అది కాలక్షేపం. ఇక్కడ మరమరాలను నీళ్లలో తడిపి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి టిఫిన్ అంటారు. ప్లేటు ముప్ఫై రూపాయలు. నిజంగానే కడుపు నిండింది.

"పట్టపగలు ఇన్ని లైట్లు ఎందుకండీ?" అని యజమానిని అడిగాను.

"బంద్ జేస్తే హోటల్ బందయిందనుకుంటరు అక్కా."

"తలుపు తీసే ఉందిగా?"

"తలుపు ఎవలు చూస్తరు? లైట్లు చూస్తరు."

నేను దీపాల పని చేస్తానని తెలిశాక ఆయన ముఖం వెలిగిపోయింది. సాంబారు గిన్నె పైనున్న లైట్ల దండ ఒకటి ఆరకుండా అలాగే వెలుగుతోందట, దాన్ని మిణుకు మిణుకుమనేలా చెయ్యమన్నాడు. చెయ్యనంటే వదలడు, బస్సు హారన్ కొడుతోంది. వైరు కాస్త కదిపితే చాలు, దండ మిణుకుమనడం మొదలుపెట్టింది. ఆయన చాయ్ డబ్బులు తీసుకోలేదు. దేశంలో వెలుతురు కాలుష్యం తగ్గించే యాత్రలో నా తొలి విజయం అది.

బీదర్

విశ్వనాథ్ సేటు దుకాణంలో గద్దె మీద కూర్చుని నాలుగు భాషల్లో నాలుగు పనులు చేస్తున్నాడు. హమాలీలతో దక్కనీ ఉర్దూ, ఆఫీసు నుంచి వచ్చినాయనతో కన్నడం, ఉద్గీర్ వ్యాపారితో మరాఠీ, నాతో తెలుగు. కోపం వస్తే ఏ భాషలో తిడతారని అడిగాను. "తెలుగులనే. ఇంట్ల భాష గద, ఖర్చు లేదు" అన్నాడు.

ఆయన వెనక గోడ మీద తండ్రి శంకరయ్య సేటు ఫోటో ఉంది. తలకు పెద్ద తెల్ల రుమాలు చుట్టుకుని, ఫోటో తీసేవాడిని కాకుండా తన ముందున్న త్రాసును, వాళ్ల మాటలో తరాజును, చూస్తున్నాడు. జనవాడ ఆయన పుట్టిన ఊరట. చివరి రోజుల్లో "నా పేరు మీద ఊర్ల ఒక దీపం వెట్టురా" అన్నాడట. ఆయన మనసులో ఉన్నది ఏ గుడి గూట్లోనో ప్రమిద అయి ఉంటుందని నా అనుమానం. కొడుకు ప్రేమ కొద్దీ మూడంతస్తుల ఎత్తు స్తంభం పాతి, దాని నెత్తి మీద ఫ్లడ్ లైట్లు బిగించాడు. మా వైపు పెద్దలు పోతే విగ్రహం పెడతారు, మిగతాది కాకులు చూసుకుంటాయి. ఎవరికీ నిద్ర చెడదు.

ఇంట్లో జొన్న రొట్టె, పుంటికూర పెట్టారు. పుంటికూర అంటే మన గోంగూరే. అయితే మనలా నూనెలో ముంచి తేల్చరు, కందిపప్పు వేసి మెత్తగా ఉడికిస్తారు. నేను మూడో రొట్టె వద్దన్నానని వంటామె నారాజ్ అయింది.

సందె వేళకు సేటు నన్ను మేడ మీదికి తీసుకువెళ్లాడు. బీదర్ ఎత్తు మీద ఉంటుంది. ఊరి అంచున మేడ ఎక్కితే కింద పల్లెల దీపాలు కనిపిస్తాయి. వాటి మధ్య ఒకే ఒకటి తెల్లగా, కళ్లలో గుచ్చుకునేలా మండుతోంది. మేడ మీద కుర్చీలో సేటు తల్లి నర్సమ్మగారు కూర్చుని ఉన్నారు.

"అమ్మా, నాయిన కనవడ్తుండా?" అని అడిగాడు సేటు.

"కనవడ్తుండు బిడ్డా. మస్తు కనవడ్తుండు" అని ఆవిడ చేతులు జోడించింది.

ఆ లైట్లను నేలకు కాకుండా బీదర్ వైపు ఎత్తి బిగించింది అందుకే. అమ్మ రోజూ సందె వేళ నాన్నను చూసుకోవాలి. సంవత్సరీకం నాటికి ఇంకా బాగా చూసుకోవాలి, అందుకే నన్ను పిలిచాడు. దేవుడి మీదికి, నాయకుడి మీదికి, సారా దుకాణం మీదికి తిప్పిన లైట్లను చూశాను గానీ తల్లి మీదికి తిప్పిన లైటును చూడడం అదే మొదలు. తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఆవిడ జోడించిన చేతులు చూసి మింగేశాను.

జనవాడ

మర్నాడు సేటు జీపు నన్ను జనవాడ చౌరస్తాలో దించింది. పగలు కాబట్టి స్తంభం మామూలు స్తంభంలాగే ఉంది. కింద బొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టిన గుర్తులున్నాయి. దానికి ఎదురుగా, బీదర్ వైపున, రోడ్డు పక్క పొలం గట్టు పొడుగునా వెదురు బొంగులు పాతి వాటికి చీరలు కట్టారు. ఎర్రవి, పచ్చవి, పూలవి, ఒక పెళ్లి పట్టు చీర కూడా ఉంది. ధర బాగుంటే మా అమ్మకు ఒకటి తీసుకుందామని అక్కడ నిలబడిన ఆవిడను అడిగాను.

"అమ్మెటందుకు కాదక్కా. అడ్డం కట్టిన" అంది విసుగ్గా. పొద్దుటి నుంచి అడిగిన వాళ్లలో నేను ఎన్నోదాన్నో.

"దేనికి అడ్డం?"

"పెద్దయ్యకు" అంటూ స్తంభం వైపు గడ్డం ఎత్తి చూపింది.

ఆవిడ పేరు ఎల్లమ్మ. ఆ చేను ఆవిడదే, అది తప్ప వేరే చేను లేదు. అందులో కంది వేసింది. ఇంట్లో ఏడాదికి సరిపడా పప్పు, మిగిలింది అమ్ముకోవడం, అంతా దాని మీదే. శంకరయ్య సేటుకూ ఆవిడకూ ప్రతి పంటకూ తూకం దగ్గర గొడవేనట.

"నేను ముల్లు వంగిందంటుంటి, ఆయన నీ మెడ వంగిందంటుండె. ఎన్నడు ఒడువని పంచాదిది. ఇప్పుడు పైకెక్కి నా చేను దిక్కే గుడ్లురిమి చూస్తుండు. ఆయన చూపుకు కంది పూతకొస్తలేదు అక్కా. చుట్టు చేన్లన్ని పూసినయి. నా దాంట్ల ఆకే ఆకు. ఇంకిన్ని దినాలు గట్లనే ఉంటే మంచు వడి ఖతమైతది."

చీర పక్కకు తీసి చేనులోకి వెళ్లాను. మొక్కలు నా తల దాటి ఉన్నాయి. నిగనిగలాడే ఆకులు. పువ్వన్నది లేదు. గట్టు అవతలి చేలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. అయితే ఎల్లమ్మ చేను మధ్యలో ఒకే ఒక పట్టీ, గీత గీసినట్టు, నిండుగా పూసి ఉంది. తల ఎత్తి చూస్తే ఆ పట్టీకీ స్తంభానికీ మధ్య నీళ్ల ట్యాంకు ఉంది. దాని నీడ రాత్రంతా అక్కడే పడుతుంది.

విషయం అర్థమైంది. రాత్రులు పొడుగవుతున్నాయని గ్రహించాకే కంది పూస్తుంది. ఈ చేనుకు రాత్రే లేదు. కార్తీకం వచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు, ఇంకా ఆషాఢమే అనుకుని హాయిగా ఎదుగుతోంది. ఎల్లమ్మ చెప్పిన కారణంలో ఒక్క పగ తప్ప మిగతా అంతా నిజమే. పెద్దయ్య చూపు పడిన చోట పూయలేదు, చూపు పడని చోట పూసింది.

"సేటుకు చెప్పలేదా?" అని అడిగాను.

"ఏమని చెప్పాలె? సచ్చినోడు పగ వట్టిండని కొడుకుకే చెప్తరా? ఇజ్జత్ గల ఇల్లది."

"మరి చీరలు పని చేశాయా?"

"గాలికి ఎగురుతున్నయ్. ఇగ మోటర్లు ఆపి ఎంతకిస్తవని అడుగుడు. యాష్టకొచ్చి రెండు అమ్మేసిన గూడ."

సందె వేళ అసలు తమాషా మొదలైంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇళ్లలో నుంచి ఒక్కొక్కరే గొడుగు చేతబట్టి బయటికి వస్తున్నారు. కిరాణా కొట్టు ముందు కూర్చున్న పెద్దమనుషులు గొడుగులు తెరిచి పెట్టుకున్నారు. పాలు తెచ్చే మనిషికి గొడుగు, బస్సు కోసం నిలబడ్డ దంపతులకు చెరో గొడుగు. నా దగ్గర లేదని ఎల్లమ్మ జాలిపడి తనది పంచుకుంది. ఎందుకో అడిగేలోపే టక్కుమని స్తంభం వెలిగింది.

"పెద్దయ్య లేచిండు!" అన్నారు నలుగురు.

కళ్లు మూసుకున్నా తెల్లగానే ఉంది. క్షణంలో ఎక్కడెక్కడి పురుగులూ వచ్చి ఆ లైట్ల చుట్టూ ముసిరి, కాలి, టపటపా మా గొడుగుల మీద రాలడం మొదలుపెట్టాయి. ఆ వాన కింద నిలబడి ఊరి సంగతులన్నీ విన్నాను. కోళ్లకు ఎప్పుడు తెల్లవారిందో తెలియక రాత్రంతా కూస్తాయి. కూసిన కోడిని కోపం కొద్దీ కోసుకు తింటారు. కొత్త కోడిని తెస్తారు, అదీ కూస్తుంది. జనవాడలో కోడికూరకు లోటు లేదు. మగవాళ్లు కళ్లకు తువ్వాలు కట్టుకుని పడుకుంటారు. పెళ్లివాళ్లు లైట్లు మాట్లాడుకోవడం మానేసి మండపం స్తంభం కిందే వేస్తున్నారు. అయితే ఫోటోల్లో పెళ్లికూతురుకు ముఖం ఉండడం లేదు, తెల్లటి వెలుగే ఉంటోంది.

"ఇంత ఇబ్బందిగా ఉంటే వద్దని చెప్పొచ్చుగా?" అన్నాను, ఓపిక నశించి.

కిరాణా కొట్టాయన నన్ను వింతగా చూశాడు. "వద్దెందుకు మేడమ్? ఇంతకు ముందుగల ఈ చౌరస్తల తేళ్లు కుడుతుండె. లారీ కింద పడ్డరు మనుషులు. లైటు కావాలె. పెద్దయ్య జర మా మొకాలు ఇడిచిపెట్టి కాళ్ల దిక్కు చూస్తే చాలు."

నా వృత్తి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నేను అదే మాట చెప్పడానికి ఫీజు తీసుకుంటాను.

బయలుదేరేముందు ఎల్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన మెడ జర అటు తిప్పుతవా అక్కా? ఇంటడా ఆయన?"

వింటాడన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మళ్లీ బీదర్

మర్నాడు సేటుకు బొమ్మ గీసి మరీ వివరించాను. లైట్లను నేల వైపు వంచాలి. పైకీ పక్కకీ వెలుగు పోకుండా ఒక్కోదానికి రేకు డిప్ప బిగించాలి. తెలుపు తీసేసి పసుపు కాంతివి పెట్టాలి. ఔరాద్ వైపు ఆఖరి బస్సు వెళ్లాక సగం ఆపేయాలి. ఎల్లమ్మ కంది సంగతి కూడా చెప్పాను, పగ సంగతి మాత్రం దాచాను.

సేటు ముఖం ఎర్రబడింది. "ఇంక మంచిగ కనవడాలని పిలిస్తే ఉల్టా చెప్పవడ్తిరి! మా నాయిన తల దించుకోవాల్నా? నడి చౌరస్తల? ఏం తప్పు చేసిండని?"

"అది మీ నాన్నగారు కాదండి, లైటు."

"ఊరంత పెద్దయ్య అంటుండ్రు, మీరొక్కరే లైటంటుండ్రు! ఇగ మొకానికి రేకు అడ్డం వెడ్తరంట. మొకం ఎప్పుడు కప్పుతరో ఎరుకేనా మీకు?"

నాకూ కోపం వచ్చింది. "మీ నాన్నగారు కనిపిస్తున్నారు సరే, ఒక మనిషి చేనంతా పూత లేకుండా నిలబడి ఉంది, అది కనిపించడం లేదా మీకు?" అన్నాను. హమాలీలు బస్తాలు దించడం ఆపి చూశారు. సేటు కాసేపు బస్తాల వైపు చూశాడు. కంది వ్యాపారికి కంది పూయలేదంటే తగలకుండా ఉండదు. "ఎల్లమ్మకు నష్టం కట్టిస్త. లైటు మాత్రం కదలది. మా అమ్మ చూడాలె" అన్నాడు. ఎల్లమ్మకు కావలసింది పంట. అలా కట్టిచ్చే నష్టం ఆవిడ తీసుకునే మనిషి కాదని ఒక్క పూట పరిచయంలోనే నాకు తెలిసింది. ఆ రాత్రి బస్సుకే వెళ్లిపోతానని చెప్పి సంచి సర్దుకున్నాను.

అయినా వెళ్లొస్తానని చెప్పడానికి సందె వేళ మేడ ఎక్కాను. నర్సమ్మగారు కుర్చీలో ఉన్నారు. సేటు పక్కన నిలబడి ఫోనులో ధరలు చూసుకుంటున్నాడు. నేను కిందికి చూస్తుండగానే జనవాడ వైపు కరెంటు పోయింది. ఆ తెల్లటి మంట మాయమై, ఆ పక్కంతా నల్లగా అయిపోయింది. సేటు ఫోనులో నుంచి తల ఎత్తకుండానే అలవాటుగా అడిగాడు.

"అమ్మా, నాయిన కనవడ్తుండా?"

"కనవడ్తుండు బిడ్డా. ఇయ్యాల మస్తు వెలుగుతుండు" అని ఆవిడ చేతులు జోడించింది. ఆ చేతులు జోడించింది పక్కింటి స్నానాలగది బల్బుకు.

సేటు తల ఎత్తాడు. చీకటి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"అమ్మా... జనవాడల కరెంటు లేదు."

"లేదా?" ఆవిడ చేతులు మెల్లగా దించింది. "నాకేమెరుక బిడ్డా. కండ్లల్ల మోతిబిందు వచ్చి పొర కమ్మి శాన దినాలాయె. ఆ లైటు నేనెన్నడు చూసిన?"

"మరి రోజు కనవడ్తుండంటివి!"

"నువ్వు అడుగుతివి, నేనంటి. నువ్వు ఖుష్ అయితివి."

"కండ్లు కనవడ్తలేవని చెప్తే దవాఖానకు తీస్కపోకపోతునా?"

"చెప్తే లైటు కనవడ్తలేదని ఎరుకైతది గద. ఇంత ఖర్చు వెట్టి నిలవెట్టినవు."

నాకు నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఒక ఊరు గొడుగుల కింద బతుకుతోంది, ఒక చేను పూయడం మరిచిపోయింది, కోళ్లు లెక్క లేకుండా పోయాయి. అంతా ఎవరూ చూడని ఒక చూపు కోసం. సేటు తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు.

కాసేపటికి ఆవిడే అడిగింది, పొద్దున దుకాణంలో గొడవేమిటని. కోడలు చెప్పిందట. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి పగ సంగతి కూడా దాచలేదు. ఆవిడ గట్టిగా నవ్వింది.

"ఎల్లమ్మనా! ఆమె తోటి కొట్లాడిన దినం మా ఆయన రెండు రొట్టెలు ఎక్కువ తింటుండె. గట్టి మనిషి అనుకుంట నవ్వుకుంటుండె." ఆవిడ కొడుకు తల మీద చెయ్యి వేసింది. "తల దించితే ఇజ్జత్ పోతదంటివి. మీ నాయిన ఎన్నడన్న ఆస్మాన్ దిక్కు చూసిండారా? తరాజు ముల్లు, ఎదురుంగ కూసున్న మనిషి. అంతకు మించి ఆయన ఏం చూడలే. నువ్వే ఆయన మెడ విరిచి పైకి వెట్టినవు."

"మరి ఆ రేకు?" అన్నాడు సేటు, సన్నని గొంతుతో.

"రుమాల్ లేకుంట బయట అడుగు వెట్టని మనిషిని బోడి తల తోటి బజార్ల నిలవెట్టినవు. ముందుగల రుమాల్ చుట్టు."

నేను సంచి విప్పేశాను.

జనవాడ, సంవత్సరీకం

బీదర్ బజారులో పెళ్లి పెట్టెలు చేసే రేకుల పనివాడికి డిప్పల కొలతలు ఇచ్చాను. సాదాగా ఉంటే చాలన్నాను. సేటు ఒప్పుకోలేదు. తండ్రి ఫోటో తెచ్చి ముందు పెట్టి, రుమాలు మడతలు అచ్చంగా అలాగే రావాలన్నాడు. పనివాడు ఎన్ని మడతలు కొట్టినా, ఎడమ చెవి పైన మడత సరిగా రాలేదని తిప్పి పంపాడు. వెలుతురును అడ్డుకోవడానికి మడతలతో పని లేదని నేను ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. చివరికి నాకు కూడా ఎడమ మడత మీద పట్టింపు వచ్చింది.

సంవత్సరీకం నాటి సాయంత్రం జనవాడంతా చౌరస్తాలో చేరింది. గొడుగులు సహా. స్తంభం మీది లైట్ల చట్రాన్ని గొలుసు చక్రం తిప్పి కిందికి దించారు. పెద్దయ్య ముఖాన్ని అంత దగ్గరగా చూడడం ఊరివాళ్లకు అదే మొదలు. గంపెడు చచ్చిన పురుగులు కుమ్మరించారు. తడిగుడ్డతో తుడిచి, పసుపు బల్బులు వేశారు. నర్సమ్మగారు తడుముకుంటూ వచ్చి ఒక్కో లైటుకూ బొట్టు పెట్టింది. రుమాళ్లు బిగించి, మెడలు కిందికి వంచి, చట్రాన్ని పైకి పంపాం. ఎల్లమ్మ తన గట్టు మీద, చీరల పక్కన నిలబడింది. రమ్మంటే రాలేదు.

దీపం వెలిగింది.

ఎవరూ "పెద్దయ్య లేచిండు" అనలేదు. చౌరస్తా అంతా పసుపు వెలుగు గుండ్రంగా పరుచుకుంది. రోడ్డు మీది గుంట కనిపించింది, మనుషుల ముఖాలు కనిపించాయి. కానీ తల ఎత్తితే కంట్లో గుచ్చుకునేది ఏదీ లేదు. ఆ గుండ్రం బయట చేను మెల్లగా నల్లబడింది. కిరాణా కొట్టాయన గొడుగు పక్కకు జరిపి పైకి చూశాడు, మూసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరో ముసలాయన భయపడుతూ అడిగాడు, "పెద్దయ్య మనల్ని చూస్తలేడా?"

"నీ చెప్పులు తెగినయ్, అవే చూస్తుండు" అంది గట్టు మీద నుంచి ఎల్లమ్మ. అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

నేను గర్వంగా, చేను ఎంత చీకటిగా ఉందో దగ్గరగా చూద్దామని నాలుగు అడుగులు లోపలికి వేశాను. ఊరివాళ్లందరి చేతిలోనూ టార్చి ఉంది, నా చేతిలో లేదు. నీళ్లు పారే కాలవలో నడుము దాకా పడ్డాను. చీకటి మంచిదని చెప్పడానికి కాకినాడ నుంచి వచ్చిన మనిషిని చీకట్లో నుంచి నలుగురు పట్టి లేపారు. బురద చీరతో బస్సెక్కలేను కాబట్టి గట్టు మీది చీరల్లోంచి ఎల్లమ్మ ఒకటి విప్పి ఇచ్చింది. ధర అడిగితే తిట్టింది.

కాకినాడ

ఇంటికి వచ్చాక ఆ చీర ఎక్కడిదని మా అమ్మ అడిగింది. చెప్పాను. నమ్మలేదు.

నెల తిరగకముందే ఎల్లమ్మ ఫోన్ చేసింది. "అక్కా, పూసింది" అంది. ఆలస్యంగా పూసిందట, పక్క చేలంత నిండుగా కాదట, అయినా పూసిందట. ఇంటి పప్పుకు దిగులు లేదట, ఎంతో కొంత అమ్మకానికీ మిగులుతుందట. నాకు ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషం వేసింది.

"మరి గొంతు దిగులుగా ఉందేం?" అన్నాను.

"ఒక్కటే పరేషాన్ అక్కా. నర్సమ్మవ్వ. కండ్లు ఆపరేషన్ అయి మంచిగైనయి. సందెల్ల జీపేస్కొని ఇక్కడికొస్తుంది. నా చేన్ల కంది పూలు రెండు తెంపుతది. ఒక పువ్వంటే ఒక కాయ గద."

"పోనీలే, ఆయన స్తంభం దగ్గర పెట్టుకోవడానికేమో."

"ఒకటి అందరి ముంగట స్తంభం కాడ వెడ్తది. రెండోది పట్టుకొని మల్ల చేన్లకే వస్తది, వెలుగు పడని కాడికి. నేను మొక్కల నడుమ కూసున్న, ఆమెకు కనవడలే." ఎల్లమ్మ గొంతు తగ్గించింది. "కొప్పుల పెట్టుకుంటది అక్కా. మొగడు పోయినోళ్లు మల్లెపువ్వు పెట్టుకుంటే ఊరు ఊకుంటదా? అట్లనే చీకట్ల జరసేపు నిలవడ్తది. డ్రైవరు హారన్ కొడితే తీసి కొంగుల ముడేస్కొని పోతది."

"ఏమీ అనకండి ఎల్లమ్మా" అన్నాను.

"నేనెందుకంట? నిన్నటి సంది నేనే మంచి కొమ్మ చూసి విరిచి గట్టు మీద వెడ్తున్న. ఆమె తీస్కుంటుంది. నేను చూడలే, ఆమె చెప్పలే."